డిస్క్ చూపించని ఇన్‌స్టాలర్: ఆటోనగర్ సర్వర్ల ప్రాజెక్టు డైరీ

పని స్వరూపం

విశాఖ గాజువాక ఆటోనగర్‌లోని ఒక సరుకు రవాణా ఆఫీసులో మూడు సర్వర్లకు ఆపరేటింగ్ సిస్టం మార్చాలి. మొదటిది డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్710, పెర్క్ హెచ్700 రెయిడ్ కార్డుతో (పలు డిస్కులను కలిపి ఒకటిగా చూపించేది) సెంటాస్ 7 మీద నడుస్తోంది. రెండోది హెచ్‌పి ప్రోలయంట్ ఎంఎల్310ఇ జెన్8 వి2. దీనికి వేరే కార్డు లేదు, బోర్డు మీదే ఉన్న బి120ఐ కంట్రోలర్ మీద రెండు 1 టెరాబైట్ డిస్కులు, విండోస్ సర్వర్ 2012 ఆర్2. మూడోది కొత్త జియాన్ పెట్టె, రెండు ఎన్‌విఎంఇ (నేరుగా పిసిఐ బస్సుకు తగిలే) డిస్కులతో ఖాళీగా వచ్చింది. దాని మీద విండోస్ సర్వర్ 2022 ఎక్కించాలి.

సెంటాస్ 7కి 2024 జూన్ 30తో, సర్వర్ 2012 ఆర్2కి 2023 అక్టోబర్ 10తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి మార్చక తప్పదు. ఆఫీసు వాడే సాఫ్ట్‌వేర్ రెడ్ హ్యాట్ లినక్స్ 8వ వెర్షన్‌కి కట్టిన ప్యాకేజీగానే వస్తోంది. అందుకని ఆర్710కి, హెచ్‌పికి రెడ్ హ్యాట్‌కి ఉచిత ప్రతిరూపమైన రాకీ లినక్స్ 8.10 అనుకున్నాం.

మూడింటిలోనూ ఇన్‌స్టాలర్ మొరాయించింది ఒకచోటే, డిస్కు ఎంచుకునే తెర దగ్గర. పైకి ఒకే జబ్బులా ఉన్నా కారణాలు మూడూ వేరు.

డ్రైవర్ వెతకబోయే ముందు

"ఏటండీ, నిన్నటిదాకా బాగా నడిచిన పెట్టేగా, కొత్తది ఎక్కించగానే డిస్కులు ఎక్కడికి పోతాయి?" అని అకౌంట్స్‌ ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే గొలుసు ఎక్కడ తెగిందో ముందు చూడాలి. కంట్రోలర్ బస్సు (కార్డులు తగిలే పిసిఐ మార్గం) మీద కనిపిస్తోందా? దానికి డ్రైవర్ అతుక్కుందా? అతుక్కున్నాక కంట్రోలర్ ఏదైనా డిస్కును బయటపెడుతోందా? ఈ వరుస తప్పి నేరుగా డ్రైవర్ డౌన్‌లోడ్లకు పోతే పూట గడిచిపోతుంది, పని మాత్రం అవ్వదు.

లినక్స్ ఇన్‌స్టాలర్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కితే షెల్ వస్తుంది. అక్కడ "ఎల్ఎస్‌పిసిఐ -ఎన్ఎన్‌కె" కొట్టాలి. చదరపు బ్రాకెట్లలో వచ్చే నాలుగంకెల జోడీయే అసలు గుర్తు. పెట్టె మీది స్టిక్కర్‌ను గానీ, కొనుగోలు బిల్లును గానీ నమ్మొద్దు. పాత సర్వర్లలో కార్డులు మారిపోయి ఉండటం మామూలే. 1000 అంటే ఎల్ఎస్ఐ చిప్, 8086 ఇంటెల్. డెల్ అమ్మిన కార్డులోనూ చిప్ ఎల్ఎస్ఐదే. డెల్ అంకె 1028 దాని కింది సబ్‌సిస్టం వరుసలో వస్తుంది.

ఆ జోడీ అసలు రాకపోతే అది డ్రైవర్ గొడవ కాదు, కార్డే బస్సు మీద లేదు. మన ఊళ్లో దీన్ని ముందే అనుమానించాలి. సముద్రపు ఉప్పుగాలికి, తేమకి ఏసీ లేని గదుల్లో కార్డు అంచున ఉండే బంగారుపూత కాంటాక్టుల మీద పొర కడుతుంది. పవర్ తీగ పీకి, కార్డు తీసి, నూలు పోగులు రాలని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, ఆరాక మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాలి. రబ్బరుతో రుద్దే అలవాటు చాలామందికి ఉంది. అది పూతను కూడా లేపేస్తుంది, వద్దు.

కార్డు కనిపించి, డ్రైవరూ అతుక్కుని, డిస్కు మాత్రం రాకపోతే కంట్రోలర్ బయోస్‌లోకి వెళ్లాలి. పెర్క్‌లో బూట్ అవుతుండగా కంట్రోల్, ఆర్ నొక్కాలి. అక్కడ వర్చువల్ డిస్క్ తయారుచేయలేదేమో, ఇంకో సర్వర్ నుంచి తెచ్చిన డిస్కులు "ఫారిన్" అని పడి ఉన్నాయేమో చూడాలి. హెచ్700 విడి డిస్కులను నేరుగా సిస్టంకి ఇవ్వదు. ఒక్క డిస్కయినా సరే, దాని మీద రెయిడ్ 0 వర్చువల్ డిస్క్ కట్టాల్సిందే.

ఆర్710: డ్రైవర్ ఉంది, జాబితాలో పేరు లేదు

మన పెట్టెలో 1000:0079 వచ్చింది. మెగారెయిడ్ ఎస్ఏఎస్ 2108 చిప్ అది. మామూలుగా ఆ వరుస కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అని ఒకటి, "కెర్నల్ మాడ్యూల్స్" అని ఇంకొకటి ఉంటాయి. ఇక్కడ రెండూ లేవు. రెండో వరుస కూడా లేదంటే, ఈ అంకె నాదే అని చెప్పుకునే మాడ్యూల్ (డ్రైవర్ ఫైలు) ఈ కెర్నల్‌లో ఒక్కటీ లేదని అర్థం.

అకౌంట్స్‌ ఆయన ప్రశ్నకు జవాబు ఇదే. మెగారెయిడ్_ఎస్ఏఎస్ అనే డ్రైవర్ 8వ వెర్షన్‌లోనూ ఉంది. 2019లో రెడ్ హ్యాట్ 8 వచ్చినప్పుడు ఆ డ్రైవర్ గుర్తించే కార్డుల జాబితాలోంచి పాతవాటిని తీసేశారు. 0079తో పాటు 0060, 0073, 0078 కూడా పోయాయి. ఎంపిటి3ఎస్ఏఎస్ డ్రైవర్‌లో 0072 పోయింది, అంటే పెర్క్ హెచ్200 లాంటి ఎస్ఏఎస్2008 కార్డులన్నీ. అందుకే "మాడ్‌ప్రోబ్ మెగారెయిడ్_ఎస్ఏఎస్" కొడితే ఏ తప్పూ చూపించకుండా లోడవుతుంది, డిస్కు మాత్రం రాదు. లోడయింది కదా అని చాలామంది ఇక్కడినుంచి కేబుళ్ల మీద, డిస్కుల మీద పడతారు. "మాడ్‌ఇన్ఫో మెగారెయిడ్_ఎస్ఏఎస్" కొట్టి, అందులోని ఎలియాస్ వరుసల్లో 00000079 ఉందో లేదో వెతికితే అరనిమిషంలో తేలిపోతుంది.

మందు ఇఎల్‌రెపో అనే అదనపు డ్రైవర్ల రిపాజిటరీ దగ్గర ఉంది. తీసేసిన అంకెలను మళ్లీ చేర్చి కట్టిన కెమాడ్ (కెర్నల్ మాడ్యూల్) ప్యాకేజీలు, వాటితో పాటు ఇన్‌స్టాలర్‌కి ఇవ్వడానికి డ్రైవర్ అప్‌డేట్ డిస్క్ ఐఎస్ఓలు అక్కడ దొరుకుతాయి. ఫైలు పేరు డిడి-మెగారెయిడ్_ఎస్ఏఎస్ అని మొదలవుతుంది, చివర్లో ఇఎల్8_10 అనే ముక్క ఉంటుంది. ఆ చివరి 10 మన ఇన్‌స్టాలర్ 8.10కి సరిపోవాలి. ఇంకో చిన్న వెర్షన్‌కి కట్టినది ఇస్తే "ఇన్వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్" అనో, సింబల్ వెర్షన్ కుదరలేదనో డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల చిట్టాలో) పడి ఆగిపోతుంది.

ఐఎస్ఓ కొన్ని మెగాబైట్లే. దాన్ని రెండో పెన్‌డ్రైవ్ మీద ఇమేజ్‌గా రాయాలి, ఫైలుగా కాపీ చేసి వదిలేయకూడదు. రూఫస్ అయితే డిడి మోడ్‌లో. ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్, ఇది, రెండూ గుచ్చి బూట్ చేశాం. మెనూ రాగానే ట్యాబ్ నొక్కి (యూఈఎఫ్ఐ పెట్టెల్లో ఇ నొక్కాలి), కెర్నల్ వరుస చివర ఒక ఖాళీ వదిలి "ఇన్‌స్ట్.డిడి" అని చేర్చాం. అక్షరాల తెర మీద డిస్కుల పట్టిక వస్తుంది. పెన్‌డ్రైవ్ అంకె కొట్టాలి, డ్రైవర్ ఎదుట గుర్తు పడేలా దాని అంకె కొట్టాలి, ఆ తర్వాత సి. పెన్‌డ్రైవ్ పట్టికలో లేకపోతే ఆర్ కొడితే మళ్లీ వెతుకుతుంది. ఇంత అయ్యాక ఎస్‌డిఎ (లినక్స్ మొదటి డిస్కుకు పెట్టే పేరు) ప్రత్యక్షమైంది.

ఆర్710 వయసు వల్ల ఇక్కడ సెక్యూర్ బూట్ (గుర్తింపు సంతకం లేని కోడ్‌ను ఆపే ఏర్పాటు) అడ్డు లేదు. కొత్త పెట్టెలో ఇదే పని చేస్తే ఇఎల్‌రెపో సంతకాన్ని సిస్టం గుర్తించక "రిక్వైర్డ్ కీ నాట్ అవైలబుల్" అంటుంది. అప్పుడు ఇన్‌స్టాల్ అయ్యేదాకా సెక్యూర్ బూట్ ఆపి, తర్వాత వాళ్ల కీని "మాక్‌యుటిల్ --ఇంపోర్ట్"తో చేర్చి మళ్లీ పెట్టుకోవచ్చు.

రీబూట్ నొక్కే ముందు

అసలు ప్రమాదం ఇక్కడుంది. డ్రైవర్ ఉండాల్సింది మూడు చోట్ల. ఇన్‌స్టాలర్‌లో, ఎక్కిన సిస్టం ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో (డిస్కు తెరుచుకునే ముందు కెర్నల్ వాడే చిన్న ఫైళ్ల మూటలో), రేపు అప్‌డేట్‌తో వచ్చే కెర్నల్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో. మొదటిది కుదరగానే పని అయిపోయిందని చేతులు దులుపుకుంటే మిగతా రెండింటిలో దొరికిపోతాం.

ఇన్‌స్టాలర్ "పూర్తయింది" అన్నాక రీబూట్ చేయకుండా ఎఫ్2 షెల్‌కి వెళ్లి "క్రూట్ /ఎంఎన్‌టి/సిస్‌రూట్" చేసి ఎక్కిన సిస్టం లోపలికి అడుగుపెట్టాం. "ఆర్‌పిఎం -క్యు కెమాడ్-మెగారెయిడ్_ఎస్ఏఎస్" కొడితే ప్యాకేజీ ఎక్కిందో లేదో చెబుతుంది. తర్వాత బూట్ ఫోల్డర్‌లో ఉన్న ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు మీద "ఎల్ఎస్ఇనిట్‌ఆర్‌డి" నడిపి, మెగారెయిడ్ అన్న మాటను గ్రెప్ చేశాం.

పేరు వచ్చిందని సంబరపడకూడదు. కెర్నల్‌తో వచ్చే డ్రైవరుదీ ఇదే పేరు. చూడాల్సింది దారి. "కెర్నల్/డ్రైవర్స్/ఎస్‌సిఎస్ఐ/మెగారెయిడ్" కింద ఉంటే అది కెర్నల్‌తో వచ్చిన, 0079ని గుర్తించనిదే. "ఎక్స్‌ట్రా" కిందో "వీక్-అప్‌డేట్స్" కిందో ఉంటేనే మనం తెచ్చినది. దారి చూడకుండా రీబూట్ చేస్తే రెండు మూడు నిమిషాలు "డ్రాకట్-ఇనిట్‌క్యూ టైమౌట్" వరుసలు పారి, రూట్ వాల్యూమ్ లేదంటూ ఎమర్జెన్సీ షెల్‌లో కూలబడుతుంది.

తప్పు దారి కనిపిస్తే "డ్రాకట్ -ఎఫ్"తో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ని మళ్లీ కట్టాలి. ఇందులో ఒక మెలిక ఉంది. క్రూట్ లోపల ఉన్నా నడుస్తున్నది ఇన్‌స్టాలర్ కెర్నలే. నెట్‌వర్క్ రిపాజిటరీ తగిలించి ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఎక్కిన కెర్నల్ దానికంటే కొత్తది కావచ్చు. వెర్షన్ చెప్పకపోతే డ్రాకట్ నడుస్తున్న కెర్నల్‌కే కడుతుంది, మనకు కావాల్సిన దాన్ని ముట్టుకోదు. కాబట్టి "--కెవెర్" పెట్టి, లిబ్/మాడ్యూల్స్ ఫోల్డర్‌లో కనిపించే వెర్షన్‌ను అక్షరం పొల్లుపోకుండా ఇవ్వాలి. అలాగే ఇటిసి/డ్రాకట్.కాన్ఫ్.డి కింద ఒక ఫైలు పెట్టి అందులో యాడ్_డ్రైవర్స్ వరుసలో మాడ్యూల్ పేరు రాశాం. కోట్స్ లోపల పేరుకు ముందు ఒక ఖాళీ, వెనక ఒక ఖాళీ ఉండి తీరాలి. లేకపోతే పక్క పేరుతో అతుక్కుపోయి రెండూ చెడతాయి.

మూడో చోటు సంగతి. కెమాడ్ ప్యాకేజీ కొత్త కెర్నల్‌కి వీక్-అప్‌డేట్స్ లింకు ద్వారా అందుతుంది, సింబళ్లు కుదిరితేనే. కుదరకపోతే లింకు పడదు, డిఎన్ఎఫ్ మాత్రం అప్‌డేట్ విజయవంతం అంటుంది. అందుకని ఈ పెట్టెకు రాసిన నియమం: కెర్నల్ అప్‌డేట్ అయ్యాక, రీబూట్‌కి ముందు, కొత్త ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ మీద ఎల్ఎస్ఇనిట్‌ఆర్‌డి నడిపి దారి చూడాలి. సరిగా లేకపోతే గ్రబ్బీతో పాత కెర్నల్‌నే డిఫాల్ట్ చేసి ఆగాలి. డిఎన్ఎఫ్ మూడు కెర్నళ్లు ఉంచుతుంది, దాన్ని తగ్గించొద్దు. మెనూలో కనిపించే రెస్క్యూ ఎంట్రీ మీద భరోసా వద్దు. అది కట్టే సమయానికి మన డ్రైవర్ లోపలికి చేరిందో లేదో దాన్నీ విప్పి చూస్తేనే తెలుస్తుంది.

బి120ఐ: పేరుకే రెయిడ్

హెచ్‌పి పెట్టెలో లక్షణం తలకిందులు. ఒక్క డిస్కు రావాల్సినచోట రెండు వచ్చాయి. విండోస్ కింద ఈ రెండూ కలిసి ఒకే మిర్రర్ (రెండింటిలోనూ ఒకే డేటా). లినక్స్ ఇన్‌స్టాలర్‌లో ఎస్‌డిఎ, ఎస్‌డిబి అని విడివిడిగా నిలబడ్డాయి.

బి120ఐలో రెయిడ్ లెక్కలు చేసే చిప్ లేదు. ఇంటెల్ సాటా కంట్రోలర్ మీద హెచ్‌పి డ్రైవర్ ఆ పని చేస్తుంది. ఆ డ్రైవర్ లేకపోతే సాటా డిస్కులకు ఉండే మామూలు ఎహెచ్‌సిఐ డ్రైవర్ వచ్చి డిస్కులను విడిగా చూపిస్తుంది. ఇలా కనిపించినప్పుడు ఎస్‌డిఎ మీద ఎక్కించేస్తే ఇన్‌స్టాల్ సాఫీగా అవుతుంది, బూట్ కూడా కావచ్చు. కానీ మిర్రర్ ఉండదు. బయోస్ తెరమీద మాత్రం లాజికల్ డ్రైవ్ ఉందనే చూపిస్తూ ఉంటుంది. డిస్కు పోయిన రోజున గానీ బయటపడని తప్పు ఇది.

లినక్స్‌కి హెచ్‌పివిఎస్ఏ అనే, సోర్స్ బయటపెట్టని డ్రైవర్ రెడ్ హ్యాట్ 6, 7 కాలంలో ఇచ్చేవారు. దాన్ని వాడాలంటే బూట్ వరుసలో ఎహెచ్‌సిఐని బ్లాక్‌లిస్ట్ చేయాలి కూడా. 8 మీదికి దాన్ని మోసుకెళ్లే ప్రయత్నం మా లెక్కలో దండగ. రెండు డిస్కుల మిర్రర్‌కి లినక్స్ సొంత ఎండి రెయిడ్ చాలు. రేపు బోర్డు కాలినా ఆ డిస్కులను ఏ పెట్టెలో పెట్టినా చదువుతుంది.

పాత డేటా బయటికి తీసి, తీసింది తెరిచి చూసుకున్నాకే మొదలుపెట్టాం. బూట్‌లో ఎఫ్9 నొక్కి సిస్టం ఆప్షన్స్, సాటా కంట్రోలర్ ఆప్షన్స్, ఎంబెడెడ్ సాటా కాన్ఫిగరేషన్ వరుసగా తెరిచి ఎహెచ్‌సిఐ ఎంచుకోవాలి. తర్వాత పాత రెయిడ్ గుర్తులు తుడవాలి. వైప్‌ఎఫ్ఎస్ తెలిసిన సంతకాలనే చెరుపుతుంది. రెయిడ్ సమాచారం తరచుగా డిస్కు చివర దాక్కుంటుంది కాబట్టి మొదటి 100 మెగాబైట్లు, చివరి 100 మెగాబైట్లు డిడి కమాండ్‌తో సున్నాలు చేశాం.

ఇన్‌స్టాలర్‌లో కస్టమ్ పార్టిషనింగ్ తీసుకుని బూట్, రూట్, స్వాప్ మూడింటికీ రెయిడ్ 1. ఈ పెట్టె పాత బయోస్ మాత్రమే తెలిసినది, కాబట్టి గ్రబ్ (బూట్ లోడర్) డిస్కు మొదట్లో ఉండే ఎంబిఆర్‌లోకి వెళ్తుంది. అది రెండు డిస్కుల మీదా ఉండాలి. రెండో దాని మీద లేకపోతే మిర్రర్ ఉండీ ఉపయోగం లేదు, మొదటి డిస్కు చచ్చిన రోజు పెట్టె లేవదు, అందుకే మొదటి బూట్ అయ్యాక "గ్రబ్2-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డిబి" కూడా చేశాం. 2 టెరాబైట్లు దాటిన డిస్కులైతే జిపిటి వస్తుంది, అప్పుడు రెండింటి మీదా 1 మెగాబైట్ బయోస్ బూట్ పార్టిషన్ ఉండాలి. ప్రాక్/ఎండిస్టాట్‌లో సింక్ ముగిశాక ఆపి, మొదటి డిస్కు కేబుల్ పీకి బూట్ చేసి చూశాం. లేచింది. మళ్లీ కలిపి ఎండిఅడ్మ్‌తో చేర్చి సింక్‌కి వదిలాం.

కొత్త పెట్టె: విఎండి వెనక దాగిన ఎన్‌విఎంఇ

విండోస్ సెటప్‌లో ఖాళీ పట్టిక, కింద "లోడ్ డ్రైవర్" బటన్. షిఫ్ట్, ఎఫ్10 నొక్కి డిస్క్‌పార్ట్‌లో "లిస్ట్ డిస్క్" కొడితే పెన్‌డ్రైవ్ తప్ప ఏమీ లేదు. బయోస్‌లో ఇంటెల్ విఎండి ఆన్‌లో ఉంది. అది ఆన్‌లో ఉంటే ఎన్‌విఎంఇ డిస్కులు నేరుగా బస్సు మీదికి రావు, విఎండి అనే ఒకే పరికరం వెనక ఉంటాయి. దాని డ్రైవర్ లేకుండా లోపల ఏముందో సెటప్‌కి తెలియదు.

రెయిడ్ అక్కర్లేకపోతే విఎండి ఆపేయడమే తేలిక. విండోస్ సొంత ఎన్‌విఎంఇ డ్రైవర్ సరిపోతుంది. ఇక్కడ మిర్రర్ కావాలి. అంటే విఆర్ఓసి, విఎండి మీద నడిచే ఇంటెల్ రెయిడ్. అందుకు బోర్డు మీద చిన్న హార్డ్‌వేర్ కీ గుచ్చి ఉండాలి. రెయిడ్ 1కి స్టాండర్డ్ కీ చాలు, రెయిడ్ 5కే ప్రీమియం. సర్వర్ కొనేటప్పుడు ఈ కీని కొటేషన్‌లో విడిగా అడగాలి. కలిసి వస్తుందనుకుంటే తర్వాత ఎదురుచూపులే.

విఆర్ఓసి డ్రైవర్ డౌన్‌లోడ్‌లో సెటప్ ఇఎక్స్‌ఇ ఉంటుంది, విండోస్ ఇన్‌స్టాలర్‌కి అది పనికిరాదు. ఎఫ్6 అని పేరున్న ఫోల్డర్ కావాలి. విండోస్ 2003 రోజుల్లో ఎఫ్6 నొక్కి ఫ్లాపీలోంచి డ్రైవర్ ఇచ్చేవాళ్లం, ఫ్లాపీ పోయినా పేరు నిలిచింది. లోపల ఐఎన్ఎఫ్, సిస్, క్యాట్ ఫైళ్లు ఒకేచోట ఉండాలి. ఒక్క ఐఎన్ఎఫ్ కాపీ చేసుకొస్తే క్యాట్ లేక సంతకం లేదంటుంది. "ఈ హార్డ్‌వేర్‌కి సరిపోని డ్రైవర్లను దాచు" అన్న టిక్ తీయొద్దు. ఆ టిక్ ఉండగా జాబితా ఖాళీగా వస్తే తెచ్చిన డ్రైవర్ మన కంట్రోలర్‌ది కాదన్నమాట. అది పనికొచ్చే సమాచారమే.

"మీడియా డ్రైవర్ లేదు" అని ఇంకో సందేశం వస్తుంటుంది. అది చాలాసార్లు డిస్కు కంట్రోలర్ గురించి కాదు. ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌నే సెటప్ చదవలేకపోతోంది. పోర్టు మార్చి చూడాలి, ఐఎస్ఓ చెక్‌సమ్ సరిచూసి మళ్లీ రాయాలి. ఆ సందేశం చూసి రెయిడ్ డ్రైవర్లన్నీ ఒక్కొక్కటే ఎక్కించి చూసేవాళ్లు తగులుతుంటారు.

డ్రైవర్ సరైనదో కాదో పరీక్షించడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో "డిఆర్‌వి‌లోడ్" బాగుంటుంది. ఐఎన్ఎఫ్ దారి ఇస్తే అక్కడికక్కడే తెలుస్తుంది. కానీ అది నడుస్తున్న విన్‌పిఇకి (సెటప్‌ను నడిపే చిన్న విండోస్‌కి) మాత్రమే. ఎక్కబోయే విండోస్‌కి చేరాలంటే బటన్ ద్వారా ఇవ్వాలి, లేదా ఇమేజ్‌లోనే కలపాలి. ఆర్710లో చూసిన మూడు చోట్ల సూత్రమే ఇక్కడా.

ఈ పెట్టెలు ఇంకా వస్తాయన్నారు కాబట్టి ఇమేజ్‌లోనే కలిపాం. బూట్.విమ్‌లో 2వ ఇండెక్స్ సెటప్‌ది. ఇన్‌స్టాల్.విమ్‌లో ఎక్కించబోయే ఎడిషన్‌ది, సర్వర్ 2022లో డెస్క్‌టాప్‌తో ఉన్న స్టాండర్డ్ అయితే 2. ముందు "డిజమ్ /గెట్-ఇమేజ్‌ఇన్ఫో"తో సరిచూసుకోవాలి. ఒక్కోదాన్ని ఖాళీ ఫోల్డర్‌కి మౌంట్ చేసి, "/యాడ్-డ్రైవర్", "/రికర్స్"తో డ్రైవర్ ఫోల్డర్ ఇచ్చి, "/అన్‌మౌంట్-ఇమేజ్ /కమిట్". మౌంట్ ఫోల్డర్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి ఉంటే అన్‌మౌంట్ సగంలో తన్నుతుంది. ముందు ఆ కిటికీలు మూయాలి. యూఈఎఫ్ఐ కోసం పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ఇన్‌స్టాల్.విమ్‌ని 3800 మెగాబైట్ల ముక్కలుగా విడగొట్టాలి. డ్రైవర్ కలిపిన తర్వాతే విడగొట్టాలి, ముక్కలయ్యాక మౌంట్ చేసి మార్చలేం.

పెట్టె మీద ఒక కాగితం అంటించాం: విఎండి సెట్టింగ్ ముట్టుకోవద్దు. బయోస్ రీసెట్ అయి అది మారితే బూట్‌లో నీలి తెర, 0ఎక్స్7బి, ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్. విండోస్ మళ్లీ ఎక్కించక్కర్లేదు, సెట్టింగ్ వెనక్కి తిప్పితే లేస్తుంది.

సెకండ్ హ్యాండ్ ఎస్ఏఎస్ డిస్కులు

ఆర్710లో చేర్చడానికి ఆఫీసువాళ్లు పాత స్టోరేజ్ పెట్టెలోంచి తీసిన ఎస్ఏఎస్ డిస్కులు కొన్నారు. వాటిని పెర్క్ తీసుకోలేదు. మామూలు హెచ్‌బిఏ కార్డుకి (రెయిడ్ లేకుండా డిస్కులను నేరుగా చూపించేది) తగిలించి చూస్తే డీమెసేజ్‌లో "అన్‌సపోర్టెడ్ సెక్టార్ సైజ్ 520". స్టోరేజ్ పెట్టెల్లో ప్రతి 512 బైట్లకూ 8 బైట్లు చెక్‌సమ్ కోసం అదనంగా ఉంచుతారు. "ఎస్‌జి_ఫార్మాట్ --ఫార్మాట్ --సైజ్=512" నడిపితే మామూలుగా మారుతుంది. రెయిడ్ కార్డు వెనకనుంచి సాధారణంగా కుదరదు, హెచ్‌బిఏ కావాలి. పెద్ద డిస్కుకి గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే డిస్కు "ఫార్మాట్ కరప్టెడ్" స్థితిలో ఉండిపోయి మళ్లీ మొదటినుంచి చేయాలి కాబట్టి యూపీఎస్ మీదే పెట్టాం. ముందు స్మార్ట్‌సిటిఎల్ చూసి, గ్రోన్ డిఫెక్ట్ లిస్ట్ పెద్దగా ఉన్నవాటిని ఫార్మాట్ దాకా రానివ్వకుండా వెనక్కి పంపాం.

మిగిలి ఉన్నవి

8 సపోర్ట్ 2029 దాకా ఉంది. సాఫ్ట్‌వేర్ 9కి వస్తే ఆర్710కి డ్రైవర్ డిస్క్ అవసరం తప్పే అవకాశం ఉంది. రెడ్ హ్యాట్‌కి ఇంకో ఉచిత రూపమైన అల్మాలినక్స్‌లో 9.4 నుంచి, పైన తీసేసిన పాత కార్డులు చాలావాటిని మళ్లీ కలిపారు. మెగారెయిడ్_ఎస్ఏఎస్, ఎంపిటి3ఎస్ఏఎస్, హెచ్‌పిఎస్ఏ మూడూ అందులో ఉన్నాయి. మన 0079 వస్తుందో లేదో ఐఎస్ఓ బూట్ చేసి ఎఫ్2 షెల్‌లో "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" వరుస చూస్తే తేలుతుంది, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఈ పెట్టె వెస్ట్‌మియర్ ప్రాసెసర్ 9 అడిగే ఎక్స్86-64-వి2 అనే ప్రాసెసర్ స్థాయిని అందుకుంటుంది. రెడ్ హ్యాట్ 10కి వి3 కావాలి, అది ఇందులో లేదు. కాబట్టి కొత్త డిస్కుల ఖర్చు ఈ పెట్టె మీద ఇంక పెట్టొద్దని ఆఫీసుకు రాసిచ్చాం.